పుట్టినప్పుడు బరువు తక్కువైతే పెద్దయ్యాక బీపీ, షుగర్ ఖాయమా?

రాత్రిపక్షి:
నేను రెండు కిలోలే పుట్టానట. 38 ఏళ్లకే బీపీ మాత్ర. కడుపులో ఉన్నప్పుడే మొదలై ఉండొచ్చని డాక్టర్ అన్నారు, అది విన్నప్పట్నుంచి అమ్మ తను సరిగ్గా తినలేదనే కుమిలిపోతోంది. నిజమేనంటారా?

పాతకాపు:
నిజముందండీ. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911-30 మధ్య పుట్టిన మగపిల్లల బరువులు నర్సులు రాసిపెట్టిన రిజిస్టర్లు ఉంటే, డేవిడ్ బార్కర్ అనే డాక్టర్ బృందం వాటిని పట్టుకుని ఎవరు దేంతో పోయారో వెతికి 1989లో బయటపెట్టింది, తక్కువ బరువువాళ్లలో గుండెజబ్బు చావులు ఎక్కువ. కిడ్నీలో వడపోత చేసే నెఫ్రాన్లు కూడా కడుపులోనే తయారవ్వాలి, నెలలు నిండి పుట్టాక కొత్తవి రావు. అవి తక్కువైతే బీపీకి దారి పడ్డట్టే.

సందేహాలరావు:
ఆగండాగండి. ఆ రోజుల్లో బరువు తక్కువ పుట్టేది ఎక్కువగా పేదిళ్ల పిల్లలే కదా, వాళ్లకి తర్వాతైనా మంచి తిండి ఎక్కడ దొరికింది, మరి తప్పు కడుపుదా పేదరికానిదా?

పాతకాపు:
అందుకే డచ్ కరువు చూడమనేది. రెండో ప్రపంచయుద్ధంలో, 1944-45 చలికాలంలో, నెదర్లాండ్స్‌కి తిండి రాకుండా జర్మన్లు దారులు మూసేస్తే రేషన్ రోజుకి వెయ్యి కేలరీల కిందకి పడిపోయింది. అప్పుడు కడుపులో ఉన్నవాళ్లని 50 ఏళ్లప్పుడు పరీక్షిస్తే ఒంట్లో గ్లూకోజ్ సరిగ్గా సర్దుకోవట్లేదు. మొదటి నెలల్లో కరువు తగిలినవాళ్లైతే మామూలు బరువుతోనే పుట్టారు, అయినా గుండెజబ్బు ఎక్కువే. అంటే బరువు ఒక గుర్తు మాత్రమే.

సందేహాలరావు:
మరి అదే యుద్ధంలో జర్మన్లు రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌ని ముట్టడించినప్పుడు కడుపులో ఉన్నవాళ్ల సంగతో? 1997లో చూస్తే షుగర్ విషయంలో ఆ తేడానే లేదు.

పాతకాపు:
అక్కడ ఆకలి ఏళ్ల తరబడి సాగింది. డచ్ వాళ్లకి కొన్ని నెలలకే తిండి దొరికింది. కరువుకి తయారైన ఒళ్లు సమృద్ధిలో పడితేనే తంటా.

సందేహాలరావు:
తేడా ఉన్నా మీదే గెలుపు, లేకపోయినా మీదే, బాగుంది 😄 ఇంకోటి, ఇన్సులిన్ కడుపులో బిడ్డని పెంచే హార్మోన్ కూడా. అది సరిగ్గా పనిచెయ్యని జీన్ వస్తే బిడ్డ చిన్నగా పుడుతుంది, పెద్దయ్యాక షుగరూ వస్తుంది. 1999లోనే హ్యాటర్స్‌లీ అనే డాక్టర్ వాళ్లు ఈ మాటన్నారు. ఆ జీన్ నాన్న నుంచీ రావొచ్చు.

నెలతప్పినపిల్ల:
మాయ సరిగ్గా నాటుకోకపోతే తల్లి ఎంత తిన్నా బిడ్డకి చేరదండీ, అలాంటప్పుడు తల్లికి బీపీ కూడా వస్తుంటుంది. మీ అమ్మగారికి అప్పుడు బీపీ ఉండేదేమో అడిగారా?

రాత్రిపక్షి:
అడిగా. ఏడో నెల నుంచి బీపీ ఉండేదట, కాళ్ల వాపులు కూడా. జీన్ సంగతి చదివి వినిపిస్తే "మరి మీ నాన్నకీ బీపీయేగా, ఆయన్నెవరూ అడగరేం" అంది. నాన్న పేపర్ దించలేదు.