బంగాళాదుంప చెక్కు ముందే తీయాలా, ఉడికాక తీయాలా? వేపుడు, పులుసు సరిగ్గా కుదరాలంటే?

కొత్తవంటిల్లు అడిగిన ప్రశ్న:

బంగాళాదుంపల గురించి నాలుగు సందేహాలు. తెలిసినవాళ్లు కొలతలతో సహా చెబితే మేలు.

1. కుక్కర్లో ఉడికించాక చెక్కు తీస్తుంటే తొక్కతోపాటు గుజ్జు కూడా ఊడి వస్తోంది. అసలు పచ్చిగా ఉన్నప్పుడే తీసేయాలా?
2. వేపుడు ముక్కలు విడివిడిగా రావడం లేదు. మూకుడుకి అంటుకుపోతున్నాయి, కదిపితే ముద్దవుతున్నాయి.
3. కొన్నిసార్లు లోపల ఉడక్కముందే ముక్క పైన నల్లబడుతోంది. మంట తగ్గించినా అంతే.
4. పులుసులో, టమాటా కూరలో వేసిన ముక్క అరగంట ఉడికినా మెత్తబడటం లేదు.

మూడు లీటర్ల కుక్కర్, ఇనప మూకుడు, నాన్‌స్టిక్ పాన్ ఉన్నాయి. పూటకి అర కిలో దుంపలు వండాలి.

---

పోపులపెట్టె:

చెక్కు ఎప్పుడు తీయాలన్నది కూరను బట్టి ఉంటుందండీ. వేపుడు, పులుసు, కుర్మా అయితే పచ్చిదుంపకే తీయాలి. పూరీ కూర, మసాలా దోసెలోకి కూర, బోండా, ఆలూ పరాఠా అయితే తొక్కతోనే ఉడికించి తర్వాత ఒలవాలి. చెక్కు తీసి, ముక్కలు కోసి నీళ్లలో ఉడికించారంటే ముక్క నీరు పట్టేస్తుంది. ఆ ముద్దతో బోండాలు వేస్తే నూనెలో పగులుతాయి, పరాఠా వత్తేటప్పుడు చిరుగుతుంది.

తొక్కతో ఉడికించే పద్ధతి: ఒకే సైజు దుంపలు ఏరుకోండి, ఒక్కోటి 100 గ్రాములు ఉంటే బాగుంటుంది. చిన్నవీ పెద్దవీ కలిపి వేస్తే చిన్నవి పగిలిపోయేసరికి పెద్దవాటి నడుమ పచ్చిగా ఉంటుంది. చాకు మొనతో దుంప నడుము చుట్టూ ఒక గీత గీయండి, తొక్క తెగితే చాలు, లోతుకి వెళ్లొద్దు. కుక్కర్ అడుగున గ్లాసున్నర నీళ్లు పోసి దుంపల్ని గిన్నెలో పెట్టండి. గిన్నెలో నీళ్లు పోయకండి, ఆవిరికే ఉడకాలి. మధ్యస్థం మంట మీద నాలుగు కూతలు రానిచ్చి కట్టేయండి. ఆవిరి దానంతట అదే దిగాలి. వెయిట్ ఎత్తి ఆవిరి వదిలేస్తే దుంపలోని నీరు ఒక్కసారిగా ఆవిరై తొక్క చిట్లుతుంది, పై పొర పొడిపొడిగా రాలిపోతుంది.

మూత తీశాక చాకు గుచ్చి పైకెత్తి చూడండి. దుంప జారి పడిపోతే ఉడికినట్టు, చాకుకి వేలాడితే ఇంకో కూత కావాలి.

గుజ్జు ఊడి రావడానికి కారణాలు రెండే. ఒకటి, నడుమ సరిగా ఉడక్కపోవడం. రెండోది, పూర్తిగా చల్లారాక ఒలవడం. చల్లారేకొద్దీ దుంపలోని పిండి గట్టిపడి తొక్కని పట్టేసుకుంటుంది. అందుకని వేడి దుంపని పది సెకన్లు చల్లటి నీళ్లలో ముంచి తీసి, పొడిబట్టతో పట్టుకుని, గీత దగ్గర నుంచి రెండు పక్కలకీ లాగండి. రెండు టోపీల్లా ఊడి వస్తుంది. కొత్త దుంపలకి మాత్రం ఈ గీత పనిచేయదు. వాటి తొక్క పల్చన, పీలికలుగా వస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడే గోనెపట్టాతోగాని స్టీలు పీచుతోగాని రుద్దేయడం నయం.

పచ్చిదుంపకి చాకు వద్దు, పీలర్ వాడండి. చాకుతో తీస్తే చెక్కుతోపాటు మందంగా దుంప కూడా పోతుంది. కళ్లు మాత్రం పీలర్ మొనతో లోతుగా తవ్వి తీసేయాలి, మొలక వచ్చిన చోట మరీను. ఆకుపచ్చగా మారిన చోట పైపైన గీకితే సరిపోదు. వెలుతురు తగిలి ఆ రంగు వస్తుంది, దాంతోపాటే సోలనిన్ అనే చేదు విషపదార్థం కూడా పెరుగుతుంది. వండినా అది పోదు. కాస్త పచ్చగా ఉంటే ఆ మేర మందంగా కోసి పారేయండి. సగం దుంప పచ్చబడితే దాన్నసలు వండొద్దు.

---

గోదారివంట:

చెక్కు సంగతి పైన బాగా చెప్పారు, వేపుడు నేను చెబుతాను. అర కిలోకి కొలతలు ఇవి.

ముక్కలు ఒకటిన్నర సెంటీమీటరు ఉండేలా కోయండి. కోసినవి కోసినట్టే నీళ్లలో వేయాలి, లేకపోతే గాలి తగిలి ఎర్రబడతాయి. కోశాక రెండు మూడుసార్లు నీళ్లు మార్చి కడగండి, తెల్లనీళ్లు పోయి తేటగా రావాలి. ఆ తెలుపంతా కోసిన చోట బయటపడ్డ పిండి. మూకుడుకి అంటుకునేదీ, ముక్కని ముక్కకి అతికించేదీ అదే. తర్వాత పొడిబట్ట మీద పావుగంట ఆరబెట్టాలి. ఈ పావుగంటని దయచేసి మానేయకండి. తడిముక్క పడగానే నూనె వేడి దిగిపోతుంది, ముక్క వేగాల్సింది పోయి ఉడుకుతుంది.

ఇనప మూకుడు ఖాళీగా పొయ్యి మీద పెట్టి, సన్నగా పొగ వచ్చేదాకా కాల్చి, అప్పుడు నాలుగు టేబుల్ స్పూన్ల నూనె పోయండి. (నాన్‌స్టిక్ పాన్‌ని ఇలా ఖాళీగా కాల్చకూడదు, పూత పాడవుతుంది. అందులో నూనె పోశాకే మంట పెట్టాలి.) ముక్కలు ఒక్క వరసలో పరుచుకోవాలి. ఒకదాని మీద ఒకటి పడుతుంటే రెండు వాయిలు చేయండి. వేశాక మూడు నాలుగు నిమిషాలు అట్లకాడ పెట్టొద్దు. అడుగు ఎర్రగా పొర కట్టగానే ముక్క తనే వదులుతుంది. వదలకముందే గీకితే ఆ పొర మూకుడుకే ఉండిపోతుంది, అక్కడి నుంచి అన్నీ అంటుకుంటాయి. మొత్తం 18, 20 నిమిషాలు పడుతుంది. అందులో ఐదారుసార్లు తిప్పితే చాలు.

ఉప్పు మొదట్లో వేయొద్దు, నీరు ఊరుతుంది. ముప్పావు వంతు వేగాక ఒక టీస్పూన్ ఉప్పు, పావు టీస్పూన్ పసుపు వేయండి. ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, అర టీస్పూన్ జీలకర్ర, ఒకటిన్నర టీస్పూన్ల కారం కచ్చాపచ్చాగా దంచి, ఆఖరి నిమిషంలో చల్లి, కలిపి దించేయాలి. అంతకుముందే వేస్తే వెల్లుల్లి మాడి చేదొస్తుంది. ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు పోపు కూడా వేరే పెట్టుకుని చివర్లోనే కలపండి. ఇరవై నిమిషాల వేపుడులో మినప్పప్పు నిలవదు.

మూత ఎప్పుడూ పెట్టొద్దు. మూతకి పట్టిన ఆవిరి చుక్కలై మళ్లీ ముక్కల మీదే పడుతుంది.

---

జహీరాబాద్_పొలం:

మూడో ప్రశ్నకు జవాబు వంటల లేదు, గడ్డల ఉంది.

ఆలుగడ్డను కోల్డ్ స్టోరేజీల 2 నుంచి 4 డిగ్రీల దగ్గర పెడతరు. మొలకలు రాకుండ ఆపనీకి అది మంచిదే. గని ఆ చలికి గడ్డలున్న పిండి కొంచెం కొంచెం చక్కెరగ మారుతది. ఆ గడ్డ నూనెల పడితే చక్కెర తొందరగ మాడుతది, ముక్క లోపల ఉడకకముందే పైన నల్లగైతది. మంట తగ్గిస్తే లేటుగ నల్లగైతది, అంతే తేడా. తింటే కొంచెం తియ్యగ, వెనుక చేదుగ ఉంటది.

మా దిక్కు పంట అక్టోబరు, నవంబరుల ఏస్తరు, సంక్రాంతి దాటినంక మార్కెట్‌కొస్తది. పొలంకెల్లి సీదా వచ్చిన ఆ గడ్డ వేపుడుకు మంచిగుంటది. తొక్క పల్చగ ఉండి, బొటనవేలితో రుద్దితే లేసొస్తది, గట్లనే గుర్తుపట్టాలె. ఎండకాలం నుంచి దీపావళి దాంక హైదరాబాద్‌ల దొరికే ఆగ్రా గడ్డ మస్తువరకు స్టోరేజీదే. దాన్ని తెచ్చినంక పది, పదిహేను రోజులు ఇంట్ల గాలి తగిలే చీకటి జాగల, గంపల పోసి పెట్టుండ్రి. చక్కెర కొంత తిరిగి పిండైతది. ఫ్రిజ్‌ల మాత్రం పెట్టకుండ్రి, స్టోరేజీల అయ్యిందే మళ్ల మీ ఇంట్ల అయితది. ఉల్లిగడ్డల పక్కన కూడ వద్దు, రెండూ తొందరగ ఖరాబైతయ్.

రకం కూడ చూడాలె. పసుపు రంగు కండ ఉండే కుఫ్రీ పుఖ్‌రాజ్‌ల నీరెక్కువ, పిండి తక్కువ. ముక్క చెదరదు, కూరకు పనికొస్తది, గని కరకర రాదు. చిప్స్ కంపెనీలు తీసుకునే కుఫ్రీ చిప్సోనాల పిండెక్కువ, చక్కెర తక్కువ. ఈ రకాలన్నీ సిమ్లాల ఉన్న కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ తెచ్చినయి. కుఫ్రీ అనేది ఆడ దగ్గరున్న ఊరి పేరు.

పేరు తెలవకుంటే ఇట్ల చూడుండ్రి: లీటర్ నీళ్లల్ల 110 గ్రాముల ఉప్పు కరిగించి గడ్డను ఏయండి. మునిగితే పిండి గడ్డ, వేపుడుకు, పరాఠాకు పెట్టుకోండ్రి. తేలితే పులుసుకు, కుర్మాకు.

---

కొత్తవంటిల్లు:

అందరికీ ధన్యవాదాలు. ఉప్పునీళ్ల పరీక్ష తెలియనే తెలియదు. ఉడికించాక కొన్ని దుంపలు లోపల నీలంగా, బూడిదరంగులోకి మారుతున్నాయి. ఇది కూడా స్టోరేజీ వల్లేనా? నాలుగో ప్రశ్న కూడా ఎవరైనా చెప్పండి.

---

ఉర్లగడ్డ_కడప:

నీలం రంగు వేరే సంగతి. దుంపలో ఉన్న ఇనుము, క్లోరోజెనిక్ ఆమ్లం ఉడికేటప్పుడు కలుస్తాయి, తర్వాత గాలి తగిలి ఆ రంగు తేలుతుంది. తినడానికి ఏమీ కాదు. ఉడికించే నీళ్లలో ఆఖరి ఐదు నిమిషాల్లో అర చెక్క నిమ్మరసం పిండితే రాదు. ముందే పిండకూడదు. ఎందుకో నాలుగో ప్రశ్నకు జవాబులో ఉంది.

పులుపు తగిలిన దుంప మెత్తబడదు. ముక్కలో కణాన్ని కణానికి అతికించి ఉంచేది పెక్టిన్. మామూలు నీళ్లలో ఉడికితే అది కరుగుతుంది, అప్పుడే ముక్క మెత్తనవుతుంది. చింతపండు, టమాటా, పెరుగు, నిమ్మరసం, ఏ పులుపైనా సరే, ఆ కరగడాన్ని ఆపేస్తుంది. అరగంట కాదు, గంట ఉడికించినా లోపల పలుకు మిగులుతుంది.

అందుకని పులుసు ఇలా పెట్టండి. అర కిలో ముక్కలు, మునిగేన్ని నీళ్లు, అర టీస్పూన్ ఉప్పు, చిటికెడు పసుపు. చల్లటి నీళ్లలోనే ముక్కలు వేసి పొయ్యి మీద పెట్టాలి. మరిగే నీళ్లలో వేస్తే లోపలికి వేడి చేరేసరికి పైభాగం చెదిరిపోతుంది. ముక్క తొంభై పాళ్లు ఉడికాక, అంటే గరిటె అంచుతో నొక్కితే తెగేటప్పుడు, చింతపండు రసం పోయండి. నిమ్మకాయంత చింతపండు చాలు. ఇక పులుసు ఎంతసేపు మరిగినా ముక్క చెదరదు, పులుపు ఇక్కడ మనకు సాయం చేస్తుంది. టమాటా కూరకూ ఇదే వరస: దుంపలు వేరే ఉడికించుకుని, ఉల్లిపాయ, టమాటా మగ్గి నూనె తేలాక కలపాలి.

ఇంకొకటి. సగం ఉడికాక పొయ్యి కట్టేసి గోరువెచ్చగా వదిలేస్తే, తర్వాత ఎంత మంట పెట్టినా ఆ ముక్క గట్టిగానే ఉంటుంది. 55, 70 డిగ్రీల మధ్య దుంపలోని ఒక ఎంజైము పెక్టిన్‌ని బిగించేస్తుంది. మొదలుపెట్టాక నడుమ ఆపకండి.

గోదారివంట గారూ, వేపుడులో మూత వద్దన్నారు గానీ, పల్చటి అల్యూమినియం బాణలి ఉన్నవాళ్లకు మీ పద్ధతి కష్టం. లోపల ఉడికేలోపు అడుగు మాడుతుంది. వాళ్లు ముక్కల్ని ఉప్పునీళ్లలో (లీటరుకు రెండు టీస్పూన్లు) పొంగు వచ్చాక మూడు నిమిషాలు ఉడికించి, వంచేసి, ఆవిరి పూర్తిగా పోయేదాకా జల్లెడలో ఆరబెట్టి వేయించుకోవచ్చు. పది నిమిషాల్లో అయిపోతుంది, ఉప్పు కూడా లోపలికి పడుతుంది.

---

గోదారివంట:

ఆ పద్ధతికి అభ్యంతరం లేదండీ, కానీ మూడు నిమిషాలు దాటకూడదు, పుఖ్‌రాజ్ లాంటి నీటిదుంపకైతే రెండు చాలు. ఉడికించాక ఆరబెట్టకుండా వేస్తే పచ్చిముక్కకంటే ఎక్కువ అంటుకుంటుంది. మూత మాట మీద మాత్రం నేను అక్కడే ఉన్నాను.

---

డాలస్_వంట:

అమెరికాలో ఉన్నవాళ్లకి: సంచుల్లో చవగ్గా దొరికే రస్సెట్ బాగా పిండి ఉన్న దుంప. పరాఠాకి, బోండాకి అదే తీసుకోండి. పులుసులో వేస్తే అంచులు కరిగి పులుసు చిక్కబడిపోతుంది. పులుసుకీ కుర్మాకీ ఎర్రతొక్క రెడ్ పొటాటో, వేపుడుకి యూకాన్ గోల్డ్. ఇంగ్లండ్‌లో అయితే ముద్ద చేసేవాటికి మారిస్ పైపర్, ముక్క చెదరకూడని కూరలకి షార్లెట్.

ఇన్‌స్టంట్ పాట్‌లో కప్పు నీళ్లు పోసి, లోపలి స్టాండ్ మీద మధ్యస్థం సైజు దుంపలు పెట్టి, హై ప్రెషర్‌లో 12 నుంచి 14 నిమిషాలు, తర్వాత పది నిమిషాలు కదపకుండా వదిలేయాలి. నూనె తక్కువతో వేపుడు కావాలంటే, కడిగి ఆరబెట్టిన అర కిలో ముక్కలకి రెండు టేబుల్ స్పూన్ల నూనె పట్టించి, 220 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ఓవెన్‌లో అరగంట. నడుమ ఒక్కసారి తిప్పితే చాలు. కారం బయటికి తీశాకే.

---

కొత్తవంటిల్లు:

ఒక్క చివరి సందేహం. పూరీ కూరకి దుంపల్ని మిక్సీలో వేయొచ్చా? ముందురోజు రాత్రే ఉడికించి పెట్టుకోవచ్చా?

---

పోపులపెట్టె:

మిక్సీ అస్సలు వద్దు. బ్లేడుకి కణాలు చిట్లి లోపలి పిండంతా బయటికొస్తుంది, జిగురుముద్దవుతుంది. దాన్నిక సరిచేయలేం. వేడిగా ఉండగానే చేత్తో చిదపండి, లేదా పప్పుగుత్తితో రెండు మూడుసార్లు నొక్కండి. సగం మెత్తగా, సగం పలుకులుగా ఉంటేనే పూరీ కూర బాగుంటుంది. చిక్కదనానికి అర కిలోకి ఒక టేబుల్ స్పూన్ శనగపిండిని పావు గ్లాసు నీళ్లలో ఉండల్లేకుండా కలిపి పోసి, పచ్చివాసన పోయేదాకా ఐదు నిమిషాలు ఉడకనివ్వాలి.

ముందురోజు ఉడికించుకోవడం పూరీ కూరకి అంత బాగుండదు, చల్లారిన దుంప బిగిసిపోయి చిదపడానికి రాదు. బోండాకీ పరాఠాకీ అయితే అదే మేలు. తొక్క వేడిగా ఉండగానే ఒలిచేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, పొద్దున తురుముకోండి. ఉడికాక ఫ్రిజ్‌లో పెడితే నష్టం లేదు, పొలం గారు వద్దన్నది పచ్చిదుంప సంగతి.