అత్తయ్యవాళ్ళకి మ్యూజియం చూపించాలి: లైబ్రరీ పాస్ ఎలా తీసుకోవాలి?

ప్రశ్న (బోస్టన్ శివార్ల నుంచి)

అందరికీ నమస్కారం. మా అత్తయ్య, మామయ్య వేటపాలెం నుంచి వచ్చి నెల దాటింది. ఆష్‌లాండ్ గుడికి మూడుసార్లు వెళ్ళాం, కాస్ట్‌కోకి ఎన్నిసార్లో లెక్కే లేదు. పోయిన వారం అక్వేరియంకి తీసుకెళ్దామని ఫోన్లో టికెట్లు చూస్తున్నాను. అత్తయ్య పక్కనుంచి తొంగి చూసి, మనిషికి ముప్పై డాలర్ల పైమాటే అని తెలియగానే అక్కడికక్కడే రూపాయల్లోకి మార్చేశారు. "చేపల్ని చూడ్డానికి మనిషికి మూడు వేలా? పొద్దున్నే వాడరేవుకి పోతే ఊరికే చూడొచ్చు" అన్నారు. ప్రయాణం అంతటితో ఆగిపోయింది.

లైబ్రరీలో మ్యూజియం పాసులు ఇస్తారని ఆఫీసులో ఒకావిడ చెప్పింది. నాకు లైబ్రరీ కార్డు ఉంది, పిల్లలకి పుస్తకాలు తెస్తుంటాను. పాసుల సంగతి మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. నిజంగా ఫ్రీనా? అత్తయ్యవాళ్ళు విజిటర్ వీసా మీద వచ్చారు, వాళ్ళకి చెల్లుతుందా? మేం మొత్తం ఆరుగురం: మేమిద్దరం, వాళ్ళిద్దరు, పిల్లలిద్దరు (ఎనిమిదేళ్ళు, రెండున్నరేళ్ళు). ఒక్క పాస్ సరిపోతుందా?

జవాబు (వూస్టర్ వైపు నుంచి)

అక్కా, మీ ఊరి లైబ్రరీ వెబ్‌సైట్లో మ్యూజియం పాసుల పేజీ ఒకటి ఉంటుంది. మసాచుసెట్స్‌లో చిన్న చిన్న ఊళ్ళ లైబ్రరీల్లో కూడా ఉంటుంది. ఏ రోజుకి ఏ పాస్ ఖాళీగా ఉందో క్యాలెండర్లో కనిపిస్తుంది. రోజు మీద నొక్కి, కార్డు నంబరు కొడితే అయిపోయినట్టే.

ఫ్రీ పాస్ అని అందరం అలవాటుగా అంటాం గానీ, చాలావాటికి దొరికేది తగ్గింపే. లైబ్రరీ ఏటా ఆ మ్యూజియానికి డబ్బు కట్టి ఒక రకం సభ్యత్వం తీసుకుంటుంది. ఆ డబ్బు చాలా ఊళ్ళలో 'ఫ్రెండ్స్ ఆఫ్ ద లైబ్రరీ' అనే సంఘం వాళ్ళు పాత పుస్తకాలు అమ్మి, చందాలు పోగేసి ఇచ్చేది. దాని మీద ఎంత తగ్గించాలో మ్యూజియం ఇష్టం. మా ఊళ్ళో సైన్స్ మ్యూజియానికీ అక్వేరియానికీ తగ్గింపు మాత్రమే. గార్డ్‌నర్ ఆర్ట్ మ్యూజియానికి కొద్ది డాలర్లలో పోతుంది. స్టేట్ పార్కుల పాస్ ఒక్కటే పూర్తిగా ఫ్రీ, దాంతో కారు పార్కింగ్ డబ్బు కట్టక్కర్లేదు. మీ ఊళ్ళో వేరేగా ఉండొచ్చు, పాస్ పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉన్నది చదవండి. నేను మొదటిసారి అది చదవకుండా వెళ్ళి, పార్కింగ్‌కీ ప్లానిటేరియంకీ విడిగా కట్టి, పాస్ మీద మిగిలిన డబ్బంతా అక్కడే వదిలించుకుని వచ్చాను.

వీసాతో పనే లేదు. కార్డు మీది, పాస్ మీది, వాళ్ళు మీతో వచ్చిన మనుషులు, అంతే. కాకపోతే పాస్ మీద మీ పేరు ఉంటే మీరు వెంట ఉండాలి, ఐడీ అడగొచ్చు. మీరు ఆఫీసుకి వెళ్ళి వాళ్ళిద్దరినీ ఊబర్ ఎక్కించి పంపే ఆలోచన ఉంటే మానుకోండి.

ఆరుగురి సంగతి: పాస్ ఎక్కువగా నలుగురికే ఉంటుంది, కొన్ని ఇద్దరికే. మీ చిన్నదానికి ఎలాగూ టికెట్ ఉండదు, మూడేళ్ళ లోపు పిల్లలకి చాలాచోట్ల ఫ్రీయే. దాన్ని పాస్ లెక్కలో వేయకండి. మిగిలింది ఐదుగురు. మీవారి పేరు మీద ఇంకో కార్డుంటే రెండో పాస్ కోసం చూడొచ్చు, కానీ కొన్ని లైబ్రరీలు ఇంటికి రోజుకి ఒక్కటే ఇస్తాయి. అడిగి చూడండి. లేదంటే ఒకరికి పూర్తి టికెట్ కొన్నా నష్టమేం లేదు.

ఇంకొకటి, పాస్ చేతిలో ఉన్నంత మాత్రాన లోపలికి పంపరు. అక్వేరియం లాంటి చోట ఏ టైముకి వస్తారో ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి. పాస్‌తో ఒక కోడ్ వస్తే, ఆ కోడ్‌తోనే మ్యూజియం వెబ్‌సైట్లో టికెట్ తీసుకోవాలి. ఎండాకాలం శనివారం నేరుగా గేటు దగ్గరికి పోతే ఆ రోజు స్లాట్లన్నీ అయిపోయాయని వెనక్కి పంపేస్తారు.

జవాబు (న్యూజెర్సీ నుంచి)

పైన తమ్ముడు తిరిగిచ్చే పాసుల గురించి చెప్పలేదు. పాసులు రెండు రకాలు. ఇంట్లోనే ప్రింట్ తీసుకుని వాడేసేది ఒకటి. లైబ్రరీకి వెళ్ళి పుస్తకంలా తెచ్చుకుని మళ్ళీ తిరిగివ్వాల్సింది ఇంకొకటి. ఈ రెండోదానితోనే నేను దెబ్బ తిన్నాను.

బార్‌కోడ్ అంటించిన ప్లాస్టిక్ కవరు, అందులో కార్డు, అరచేతిలో పట్టేంత ఉంటుంది. మ్యూజియం నుంచి బయటికి వస్తూ మా అమ్మ చేతికిచ్చి "పోకుండా పెట్టు" అన్నాను. ఆవిడ ఎంత జాగ్రత్తగా పెట్టిందంటే, పాస్‌పోర్టులు పెట్టే జిప్ అరలో పెట్టేసింది. నాలుగో రోజు అమ్మ కాకినాడ వెళ్ళిపోవడానికి ఫ్లైటెక్కింది. పాసూ ఎక్కింది. ఆ పాస్ మర్నాటికే ఇంకెవరికో బుక్ అయి ఉంది. లైబ్రరీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. రోజుకింత అని ఫైన్ వేశారు, పోయినట్టు రాసుకుంటే మొత్తం పాస్ ఖరీదు కట్టాలన్నారు. చివరికి అమ్మ కొరియర్ చేసింది. ఆ కొరియర్ డబ్బుతో ఇంటిల్లిపాదికీ టికెట్లు కొనుక్కుని ఉండొచ్చు.

పుస్తకం ఆలస్యమైతే ఇప్పుడు చాలా లైబ్రరీలు ఫైన్ వేయడం మానేశాయి. పాసుకి ఆ దయ ఉండదు. ప్రింట్ తీసుకునే రకం దొరికితే అదే తీసుకోండి.

జవాబు (క్వీన్స్, న్యూయార్క్ నుంచి)

న్యూయార్క్ సిటీలో పద్ధతి వేరు, ఇక్కడివాళ్ళ కోసం రాస్తున్నాను. 2018లో మొదలైన 'కల్చర్ పాస్' అని ఉంది. బ్రూక్లిన్, క్వీన్స్, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, ఈ మూడింట్లో ఏ కార్డున్నా చాలు, వయసు 13 దాటాలి. ఇది నిజంగానే ఫ్రీ. కానీ ఒక్కో మ్యూజియానికి ఏడాదికి ఒక్కసారే, అందుకని మీ అమ్మానాన్నలు వస్తున్నారంటే వాళ్ళు వచ్చేదాకా ఆ ఒక్కసారిని ఖర్చు పెట్టకండి. మేం జనవరిలో ఏమీ తోచక గుగ్గన్‌హైమ్ చూసి వచ్చాం, జూన్‌లో మామయ్యగారు దిగితే నోరు మూసుకుని టికెట్లు కొన్నాం.

మెట్‌కి, అంటే మెట్రోపాలిటన్ ఆర్ట్ మ్యూజియానికి, దీనితో పని లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటున్నట్టు ఐడీ చూపిస్తే మీరు ఎంతిస్తే అంతే టికెట్. న్యూజెర్సీ, కనెక్టికట్‌లలో అయితే ఆ సౌకర్యం చదువుకునేవాళ్ళకే.

జవాబు (ఫ్రీమాంట్ నుంచి)

కాలిఫోర్నియా వాళ్ళు లైబ్రరీ పాసుల కోసం 'డిస్కవర్ అండ్ గో' అని వెతకండి. బే ఏరియా లైబ్రరీలు చాలావరకు ఇందులో ఉన్నాయి. కార్డున్న మనిషి వెంట ఉండాల్సిందే. ఇంకా మంచిది స్టేట్ పార్కుల పాస్. కారు అద్దానికి తగిలించుకునే ట్యాగ్ లైబ్రరీలో ఇస్తారు, రెండు వందలకి పైగా పార్కుల్లో పగలు కారు ఎంట్రీ ఫ్రీ. తొమ్మిదిమంది దాకా ఒకే కారులో వెళ్ళొచ్చు. మినీవ్యాన్ నిండా చుట్టాలు, వెనక పులిహోర డబ్బాలు, మాకు మ్యూజియాల కంటే ఇదే ఎక్కువ పనికొచ్చింది. పెద్దవాళ్ళు కూడా చెట్ల కింద కూర్చుంటే సంతోషిస్తారు.

ప్రశ్న వేసినవారు

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని చూశాను. మా లైబ్రరీలో రాబోయే శని, ఆదివారాలన్నీ క్యాలెండర్లో ఎర్రగానే ఉన్నాయి, అంటే ఖాళీ లేవు. అక్వేరియం అయితే ఆగస్టు చివరిదాకా ఒక్క వీకెండ్ కూడా లేదు. వాళ్ళు సెప్టెంబరు మొదట్లో వెళ్ళిపోతారు. ఇప్పుడేం చేయాలి?

జవాబు (వూస్టర్ వైపు నుంచి)

టెన్షన్ పడకండి. బుకింగ్ ఎన్ని రోజుల ముందు తెరుస్తారో మీ లైబ్రరీ పేజీలో ఉంటుంది, ఒక్కో ఊళ్ళో ఒక్కో లెక్క. తెలిసినవాళ్ళు తెరిచిన రోజే పట్టేస్తారు. ఫిబ్రవరి, ఏప్రిల్ స్కూలు సెలవుల వారాలకైతే ఇంకా పోటీ. అయినా రద్దయ్యేవి చాలా ఉంటాయి. మీకు కావలసిన రోజుకి రెండు రోజుల ముందు పొద్దునా రాత్రీ ఒకసారి తెరిచి చూస్తుండండి. వానొస్తుందని వార్త రాగానే స్టేట్ పార్కు పాసులు బోలెడు ఖాళీ అవుతాయి. మ్యూజియం పాసులకి మాత్రం అదే వానకి గిరాకీ పెరుగుతుంది.

పక్క ఊళ్ళ లైబ్రరీలు కూడా చూడండి. కొన్ని తమ ఊరివాళ్ళకే ఇస్తాయి, కొన్ని తమ లైబ్రరీల నెట్‌వర్క్‌లో ఏ ఊరి కార్డున్నా ఇస్తాయి. ఫోన్ చేసి అడిగితే చెప్తారు. నేను ఒకసారి మూడు ఊళ్ళకి ఫోన్ చేశాను, మూడో ఊళ్ళో కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ ఇచ్చింది.

అన్నిటికంటే తేలిక దారి, వీలైతే మీరు ఒకరోజు సెలవు పెట్టి మామూలు రోజు వెళ్ళడం. బుధ, గురువారాల్లో పాసులు దొరుకుతాయి, లోపల జనమూ తక్కువ. మంగళవారం మాత్రం పెట్టుకోకండి, ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం, గార్డ్‌నర్ రెండూ ఆ రోజు మూసేస్తారు. మీ అత్తయ్యగారు మంగళవారం ప్రయాణం వద్దంటే, ఈ ఒక్కదానికీ ఆవిడ మాట వినండి :)

అన్నట్టు కేంబ్రిడ్జ్‌లో హార్వర్డ్ ఆర్ట్ మ్యూజియాలు 2023 నుంచి అందరికీ ఫ్రీ. పాస్ అక్కర్లేదు. అక్వేరియం దొరికేదాకా అది చూపించండి.

ప్రశ్న (లోవెల్ నుంచి, స్టూడెంట్)

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నేను రూమ్మేట్స్‌తో ఉంటాను, లీజులో నా పేరు లేదు. కార్డు ఇస్తారా?

జవాబు (వూస్టర్ వైపు నుంచి)

మీ పేరు మీద ఆ అడ్రసుకి వచ్చిన ఉత్తరం ఏదైనా, బ్యాంకుదో ఫోన్ బిల్లో, పట్టుకెళ్ళు తమ్ముడూ, చాలాచోట్ల సరిపోతుంది. బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ కార్డుకైతే మసాచుసెట్స్‌లో ఉంటున్నా, చదువుతున్నా అర్హతే. ఆ కార్డు మీద పాసులు ఎవరికిస్తారో మాత్రం వాళ్ళ పేజీలో చూసుకో.

జవాబు (హైదరాబాద్ నుంచి)

పాసుల గురించి నాకేమీ తెలియదు, వేటపాలెం అన్న మాట చూసి రాస్తున్నాను. మీ మామయ్యగారిది ఆ ఊరైతే ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం తప్పకుండా చూపించండమ్మా. కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామి 1917 నుంచి 1947లో చనిపోయేదాకా పనిచేసింది అక్కడే, భారతీయ కళల విభాగంలో. ఆయనతో కలిసి నందికేశ్వరుడి నాట్యశాస్త్ర గ్రంథం అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినది ఎవరనుకున్నారు? మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆ పుస్తకం 1917లో అచ్చయింది కూడా మీ పక్కనే, కేంబ్రిడ్జ్‌లో, హార్వర్డ్ వాళ్ళ ప్రెస్‌లో. ఆ తర్వాత నాలుగేళ్ళకి ఆయనే చీరాల పేరాల ఉద్యమం నడిపాడు. చీరాల పక్క ఊరాయనకి ఈ సంగతి చెప్పి లోపలికి తీసుకెళ్ళండి, కాళ్ళ నొప్పులు మర్చిపోతారు.

కాళ్ళ నొప్పులంటే గుర్తొచ్చింది, పెద్ద మ్యూజియాల్లో వీల్‌చెయిర్ ఊరికే ఇస్తారు, లోపలికి వెళ్ళగానే అడగండి.

ప్రశ్న వేసినవారు

వెళ్ళొచ్చాం! పోయిన గురువారం ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం. పాస్ ఇద్దరికే ఉంది, దాన్ని అత్తయ్య, మామయ్యలకి వాడి నేను టికెట్ కొనుక్కున్నాను. ఐడీ చూపించమన్నారు, తమ్ముడు చెప్పినట్టే.

పాస్ తీసుకోవడానికి లైబ్రరీకి వెళ్ళినప్పుడు మామయ్య కూడా వచ్చారు. కౌంటర్లో అమ్మాయి నా కార్డు గీకి, కవరు చేతికిచ్చింది. డబ్బేమీ అడగలేదేమిటని ఆయన అనుమానం. ఊరివాళ్ళ పన్నుల మీద, చందాల మీద నడుస్తుందని చెప్తే, "మనకీ ఇంటి పన్నులో గ్రంథాలయ పన్ను వేస్తారుగా" అన్నారు. తర్వాత కారులో దారిపొడుగునా వేటపాలెం గ్రంథాలయం సారస్వత నికేతనం కబుర్లే: 1918లో పెట్టారట, గాంధీగారి చేతికర్ర అందులో దాచి ఉంచారట, చిన్నప్పుడు వేసవి మధ్యాహ్నాలన్నీ అక్కడే గడిచేవట. పన్నెండేళ్ళుగా కోడల్ని, ఇవేవీ నాకు తెలియవు.

హైదరాబాద్ బాబాయిగారికి ప్రత్యేకంగా థాంక్స్. దుగ్గిరాలవారి సంగతి చెప్పాక మామయ్య భారతీయ శిల్పాల దగ్గర నుంచి గంటన్నర కదల్లేదు. అత్తయ్య ఒక బెంచీ చూసుకుని కూర్చుని, గేటు దగ్గర పూర్తి టికెట్ ధర ఎంతో నాతో చదివించుకుని, ఇద్దరికీ ఎంత మిగిలిందో లెక్క కట్టుకున్నారు. ఆ మిగిలిన డబ్బు ఇప్పుడు అక్వేరియం ఖాతాలో ఉందట, ఆవిడే అన్నారు. రాత్రి పదకొండింటికి క్యాలెండర్ చూస్తే వచ్చే బుధవారం ఒకటి ఖాళీ అయింది, పట్టేశాను.

ఒక చిన్న సందేహం మిగిలింది. ఈ కవరు రేపటిలోగా తిరిగివ్వాలి. లైబ్రరీ మూసేశాక బయట పుస్తకాలు వేసే డబ్బాలో వేసేయొచ్చా?

జవాబు (న్యూజెర్సీ నుంచి)

వద్దమ్మా! పుస్తకాల డబ్బాలో పాసులు వేయొద్దని చాలాచోట్ల కవరు మీదే రాసి ఉంటుంది, తిప్పి చూడు. రేపు తెరవగానే కౌంటర్లో ఇచ్చేయ్. ఈ లోపల అత్తయ్యగారి చేతికి మాత్రం ఇవ్వకు.