వియత్నాం పిల్లల ఇంగ్లీష్ హోంవర్క్: జవాబు చెప్పేయాలా, ఆలోచించమనాలా?

వెన్నెల_హనోయ్:
అందరికీ నమస్తే. మేం హనోయ్ వచ్చి మూడేళ్లయింది. పక్క ఫ్లాట్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఉంది. జూన్‌లో పదో తరగతి ఎంట్రన్స్, ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఆ పరీక్ష హడావుడి ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి ఫేస్‌బుక్‌లో ఒక స్టూడెంట్ గ్రూపులో ఉంది. పిల్లలు వర్క్‌షీట్ ఫొటో తీసి పెట్టి, పైన "జుప్ ఎమ్ వొయ్ ఆ" అని రాస్తారు, కాస్త సాయం చేయండి అని. తెలిసిన పిల్లలు కింద జవాబులు రాస్తారు. రాత్రి తొమ్మిదికి మొదలైతే పదకొండు దాకా సాగుతుంది. నాకు ఇంగ్లీష్ వచ్చు కదా అని నన్నూ చేర్చింది.

మొన్న ఒక బాబు నాలుగు మాటలు పెట్టాడు: వర్క్‌డ్, ప్లేడ్, క్లీన్డ్, ఓపెన్డ్. చివరి శబ్దం వేరుగా ఉన్నది ఏది అని ప్రశ్న. నాలుగూ ఒకటే కదా, ప్రశ్నే తప్పు అని రాసేశాను. ఐదు నిమిషాల్లో ఏడో తరగతి పిల్ల ఒకతి, "కో ఓయ్ (మేడం అని పిలుపు), మొదటిదే వేరు అనుకుంటున్నాను ఆ. అక్కడ చివర ట్ అని పలుకుతారు ఆ" అని రాసింది. తీసి చూస్తే ఆ పిల్ల చెప్పిందే కరెక్ట్. ఇన్నేళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివి ఈ సంగతి నాకు తెలియకపోవడం చాలా బాధగా అనిపించింది.

నేను అడిగేవి మూడు. జవాబు నేరుగా చెప్పాలా, ఆలోచించమనాలా? వియత్నామీస్ పిల్లలు ఏ తప్పులు ఎందుకు చేస్తారో అర్థం కావాలంటే ఏం చదవాలి? ఆ అమ్మాయి వాళ్లమ్మ డబ్బులిస్తానంటోంది, తీసుకోవచ్చా?

రమణ మాస్టారు:
అమ్మా వెన్నెలా, ముప్ఫై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పినవాణ్ణి. ఇప్పుడు సైగాన్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. జవాబు చెప్పకు. ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకు.

మా మనవరాలి స్నేహితురాలు మొన్న రాసిన వాక్యం: "ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ వియ్ వెంట్ టు స్కూల్." బట్ కొట్టేస్తే ఒక్క క్షణంలో అయిపోతుంది, మళ్లీ రేపూ అదే రాస్తుంది. నేనేం చేశానంటే, ముందు ఆ వాక్యం వాళ్ల భాషలో రాయమన్నాను. "మక్ యూ" అని మొదలుపెట్టింది, మధ్యలో "ఞుంగ్" పెట్టింది. వాళ్ల భాషలో ఆ రెండూ జంట, ఒకటి వచ్చాక రెండోది లేకపోతే వాక్యం వెలితిగా ఉంటుంది. ఆ రెండు మాటల చుట్టూ సున్నా చుట్టమన్నాను. ఇంగ్లీష్‌కి ఈ పనికి ఎన్ని మాటలు చాలు అని అడిగాను. రెండు నిమిషాలు పట్టింది. తర్వాత ఆ పిల్ల మళ్లీ ఆ తప్పు చేయలేదు.

సైగాన్_సుధ:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. మీ ఎదురుగా కూర్చున్న పిల్లకి రెండు నిమిషాలు ఇవ్వొచ్చు. గ్రూపులో రాత్రి పదిన్నరకి "కన్ గప్" అని పెట్టే పిల్ల సంగతి వేరు. అర్జెంటు అని అర్థం. పొద్దున ఆరింటికి లేచి స్కూల్‌కి పోవాలి, ఇంకా లెక్కలు మిగిలి ఉన్నాయి. ఆ పిల్లకి సున్నాలు చుట్టమంటే గ్రూపు వదిలేసి పోతుంది. నేను జవాబు ఇస్తాను, కింద ఒక్క లైను కారణం రాస్తాను. మర్నాడు చదువుకుంటుంది.

డబ్బు విషయం: వెన్నెల గారూ, వద్దు. డబ్బు తీసుకుని చెబితే వర్క్ పర్మిట్ గొడవలోకి వస్తారు. పండో ఫలమో ఇస్తే తీసుకోండి. నవంబర్ 20 టీచర్స్ డే నాడు ఎలాగూ పూలు తెచ్చిస్తారు.

ఇక ఉచ్చారణ. ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్లో రెండేళ్లు చెప్పాను. పిల్లలకి నా క్లాసంటే ఇష్టం. ఒక పేరెంట్ వచ్చి టీచర్ నేటివ్ కాదు అన్నారు, అంతే, నన్ను గ్రామర్‌కి పరిమితం చేసి స్పీకింగ్ క్లాసు వేరే ఆయనకిచ్చారు. ఆయనకి ఫస్ట్ కండిషనల్‌కి సెకండ్ కండిషనల్‌కి తేడా తెలియదు. ఆ పిల్లలు రాత్రిళ్లు జాలో అనే ఇక్కడి చాట్ యాప్‌లో నన్నే అడిగేవాళ్లు.

కిరణ్_కోడ్:
ఇప్పుడు వర్క్‌షీట్ ఫొటో తీసి ఏఐ యాప్‌లో పెడితే కారణాలతో సహా వియత్నామీస్‌లోనే చెబుతుంది. ఇంకా గ్రూపుల్లో అడుక్కోవడం ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

సైగాన్_సుధ:
అడుక్కోవడం అనే మాట వెనక్కి తీసుకోండి కిరణ్ గారూ. పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఏడో తరగతి పిల్ల పెద్దావిడ తప్పుని ఎంత మర్యాదగా దిద్దిందో పైన చదివారా?

కిరణ్_కోడ్:
సరే, ఆ మాట తప్పే, తీసేస్తున్నాను. కానీ నా పాయింట్ అదే. గ్రూపులో తప్పు జవాబులు వస్తాయి. వెన్నెల గారే పొరపాటున ఒకటి ఇచ్చారు.

గోదారి_గట్టు:
నేను హైదరాబాద్‌లో ఉంటాను, వియత్నాం ఎప్పుడూ రాలేదు, అయినా ఒక మాట. మన ఉచ్చారణ మనం ఇతర దేశాల పిల్లలకి నేర్పకూడదు. మనం బస్సు, కారు, ఫ్యాను అంటాం. ప్రతి మాట చివర అచ్చు తగిలిస్తాం. అది అంటుకుంటే ఆ పిల్లల గతేమిటి?

రమణ మాస్టారు:
నాయనా గోదారీ, వాళ్ల ఇబ్బంది దీనికి సరిగ్గా తలకిందులు. వాళ్ల మాటల చివర ప, త, క, మ, న, ఙ లాంటి కొన్ని హల్లులే నిలుస్తాయి. స, ల, ద నిలవవు. అందుకే రైస్ అనమంటే "రై" అంటారు, నైస్ అనమంటే "నై" అంటారు. ఫ్రెంచి వాళ్ల ఓటోబ్యూస్ మన దగ్గర ఉంటే బస్సు అయ్యేది, వాళ్ల దగ్గర "బ్విత్" అయింది. చివరి స కాస్తా త అయి కూర్చుంది. సిటీ బస్సుల మీద రాసి ఉంటుంది, చూసుకోండి. మనం చివర ఒకటి కలుపుతాం, వాళ్లు చివరిది మింగేస్తారు. చివరి శబ్దం వదలకుండా పలికే మనిషి పక్కన ఉంటే ఆ పిల్లలకి మేలే. నేను బస్సు అన్నప్పుడు మా మనవరాలి స్నేహితురాలికి ఆ స మొదటిసారి చెవిన పడింది.

గోదారి_గట్టు:
చెవిన పడింది సరే, ఆ ఉకారం కూడా పడింది కదా. తప్పుని తప్పుతో దిద్దుతామా?

సైగాన్_సుధ:
ఏది తప్పు? ఎవరి లెక్కన? ఈ మాట విని విని విసిగిపోయాను. లండన్ వాళ్లదీ, టెక్సాస్ వాళ్లదీ, సిడ్నీ వాళ్లదీ యాస. మనది మాత్రం తప్పు!

గోదారి_గట్టు:
అమ్మా, నేను మిమ్మల్ని అనలేదు. మా పాప ఇంటర్వ్యూలో ఉచ్చారణ దగ్గరే పోయింది, ఆ బాధ నాది.

సైగాన్_సుధ:
అయ్యో. తెలియక గట్టిగా అన్నాను, ఏమీ అనుకోకండి.

కిరణ్_కోడ్:
అసలు ఈ శబ్దాల గొడవ పరీక్షలో ఉందా? 2025 నుంచి పన్నెండో తరగతి ఫైనల్‌లో ఇంగ్లీష్ కంపల్సరీ కాదు. తీసుకున్నా 40 ప్రశ్నలు, 50 నిమిషాలు, ఉచ్చారణ ప్రశ్నలు తీసేశారు. అంతకుముందు ఐఈఎల్‌టీఎస్‌లో 4.0 ఉంటే పదికి పది వేసేవాళ్లు, అదీ ఇప్పుడు లేదు.

వెన్నెల_హనోయ్:
కిరణ్ గారూ, మా పక్కింటి అమ్మాయి స్కూల్ టెస్టుల్లో ఇప్పటికీ వస్తున్నాయి. పరీక్షలో లేకపోతే మాత్రం, వాళ్లు నోరు తెరిచి మాట్లాడాలి కదా. నా రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు.

కాన్‌థో_మెడికో:
అక్కా, నాకు ఆ పుస్తకాలు తెలియవు కానీ నా అనుభవం చెబుతాను. నేనిక్కడ ఎంబీబీఎస్. వార్డులో పేషెంట్లకి వియత్నామీస్ తప్ప వేరే భాష రాదు. మా హాస్టల్ దగ్గర కాఫీ షాపులో పదకొండో తరగతి పిల్లలు ముగ్గురు నాకు పరిచయం. నేను వాళ్ల ఎస్సేలు దిద్దుతాను, వాళ్లు నా టోన్లు దిద్దుతారు. "మా" అనే శబ్దాన్ని ఒకలా అంటే దయ్యం, ఇంకోలా అంటే అమ్మ, కిందికి నొక్కి ఆపేస్తే వరి నారు. మాది గుంటూరు జిల్లా, నారుమడి అంటే ఏమిటో నాకు చెప్పక్కర్లేదు. మెకాంగ్ డెల్టా పిల్లలకీ అంతే. ఆ ఒక్క మాట మీద మాకు స్నేహం కుదిరింది.

వాళ్లు ఎస్సేల్లో మాటిమాటికీ రాసేది: "ఇన్ మై హౌస్ హావ్ ఫోర్ పీపుల్." ఎందుకంటే వాళ్లకి "కో" అనే ఒక్క క్రియే, ఉండటానికీ కలిగి ఉండటానికీ. లైటు వేయమనడానికి "ఓపెన్ ద లైట్" అంటారు, వాళ్లకి తలుపు తెరవడానికీ లైటు వేయడానికీ మాట ఒకటే. మీరు వాళ్ల భాష రోజుకి పది మాటలు నేర్చుకోండి అక్కా, తప్పులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో వాటంతట అవే కనపడతాయి.

వెన్నెల_హనోయ్:
చాలా థాంక్స్ తమ్ముడూ. ఇదే నాకు కావాల్సింది. వాక్యం చివర ఆ "ఆ" ఏమిటని అమ్మాయిని అడిగితే చాలాసేపు ఆలోచించి, పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు పెట్టకపోతే అమ్మ కోప్పడుతుంది అంది. మన "అండీ"నే. తనని తను నేను అనుకోవడానికి కూడా వాళ్లు ఒకే మాట వాడరు. నా దగ్గర చెల్లెలు, అమ్మ దగ్గర కూతురు, తాతయ్య దగ్గర మనవరాలు, మనిషిని బట్టి ఆ "నేను" మారిపోతుంది. అందుకే ఇంగ్లీష్‌లో టీచర్‌ని "యూ" అనడానికి ఆ అమ్మాయికి నోరు రాదు. "టీచర్, డస్ టీచర్ హావ్ టైమ్?" అని రాస్తుంది. దాన్ని తప్పు అని కొట్టేయడానికి నాకు మనసు రాలేదు.

రమణ మాస్టారు:
కొట్టేయాల్సిందే తల్లీ, మార్కు పోతుంది. కొట్టేసి, నీ మర్యాద నాకు తెలిసింది అని చెప్పు.

ఇక ఆ వర్క్‌డ్ సంగతి. దీనికి తెలుగు వ్యాకరణం చాలు. క, చ, ట, త, ప పరుషాలు. గ, జ, డ, ద, బ సరళాలు. గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకుని పలికి చూడు. సరళాలకి గొంతు అదురుతుంది, పరుషాలకి అదరదు. క్రియ చివర పరుషం ఉంటే ట్: వర్క్‌ట్, వాచ్ట్, స్టాప్ట్. ఫ, స, ష కూడా అదరవు, వాటికీ ట్. ఇంగ్లీష్ ట గానీ డ గానీ చివర ఉంటే ఇడ్: వాంటిడ్, నీడిడ్. మిగతావాటికి డ్. నేకిడ్, వికిడ్, సేక్రిడ్ లాంటివి విశేషణాలు, ఈ లెక్కలోకి రావు. పరీక్షలో పట్టుకునేది వాటి దగ్గరే. మా హైస్కూల్లో ఎనిమిదో తరగతికి ఇలాగే చెప్పేవాణ్ణి, గొంతు మీద వేళ్లు పెట్టించి.

గోదారి_గట్టు:
మాస్టారూ, ఇది మా పాపకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను.

కాన్‌థో_మెడికో:
ఇక్కడి పిల్లలకి ఇంతకంటే పెద్ద తాళాలున్నాయి. విశేషణాల వరస గుర్తుపెట్టుకోవడానికి "ఓంగ్ సావ్ అన్ సుప్ కువా ఓంగ్ మప్ ఫీ" అంటారు. సావ్ తాత పీతల సూపు తాగాడు, బాగా లావెక్కాడు అని. ఒక్కో మాట మొదటి ఇంగ్లీష్ అక్షరం ఒక్కో రకం విశేషణానికి గుర్తు: అభిప్రాయం, సైజు, వయసు, ఆకారం, రంగు, ఊరు, దేంతో చేశారు, దేనికి. మాట చివరి ఎస్‌ని "జ్" అనకుండా "స్" అని ఎక్కడ పలకాలో చెప్పడానికి "థొయ్ ఫోంగ్ కియెన్ ఫ్యూంగ్ తయ్", పడమటి దేశాల ఫ్యూడల్ కాలం అని. థ, ఫ, క, ప, త వచ్చేస్తాయి. పిల్లలు కళ్లు మూసుకుని అప్పజెబుతారు.

సైగాన్_సుధ:
ఆ పీతల సూపు నేను బోర్డు మీద రాసి చెప్పేదాన్ని! తెలుగులో మనకి ఇలాంటిది ఎవరైనా కట్టారా?

కిరణ్_కోడ్:
ఇది బాగుంది. మా టీమ్‌లో వియత్నాం కుర్రాడున్నాడు, రేపు అడుగుతాను. ఒక సంగతి మాత్రం చెప్పాలి. 2025 ఫిబ్రవరి 14 నుంచి స్కూల్ టీచర్ తన క్లాసు పిల్లలకి బయట డబ్బులు తీసుకుని ట్యూషన్ చెప్పకూడదని రూల్ వచ్చింది. గ్రూపుల్లో రద్దీ అందుకే పెరిగిందేమో అని నా అనుమానం. ఆ లెక్కన మీలాంటివాళ్లు అక్కడ ఉండటం మంచిదే.

వెన్నెల_హనోయ్:
ఇప్పుడే ఒక పోస్టు వచ్చింది, అర్జెంటు. "ద లాస్ట్ టైమ్ ఐ సా హర్ వాజ్ టూ ఇయర్స్ అగో" అనే వాక్యాన్ని "ఐ హావెంట్" అని మొదలుపెట్టి తిరగరాయాలి. ఎనిమిదో తరగతి బాబు. జవాబు నాకు తెలుసు. మాస్టారూ, చెప్పకుండా ఎలా అడగమంటారు?

రమణ మాస్టారు:
చివరిసారి చూసింది రెండేళ్ల కిందట కదా, ఆ తర్వాత ఇవాళ్టి దాకా చూశావా అని వాళ్ల భాషలో అడుగు.

సైగాన్_సుధ:
పది నిమిషాల్లో రాకపోతే చెప్పేయండి వెన్నెల గారూ. రేపు పొద్దున సబ్మిట్ చేయాలి.

వెన్నెల_హనోయ్:
అడిగాను. "చ్యువ" అని రాశాడు, ఇంకా లేదు అని. ఆ "చ్యువ"నే ఇంగ్లీష్‌లో హావెంట్ అని మా పక్కింటి అమ్మాయి వెంటనే కింద రాసింది. బాబు నాలుగు నిమిషాల్లో పెట్టేశాడు: "ఐ హావెంట్ సీన్ హర్ ఫర్ టూ ఇయర్స్ ఆ."

ఇంగ్లీష్ వాక్యం చివర కూడా ఆ "ఆ" పెట్టాడు. అది తీసేసి సబ్మిట్ చేయమని చెప్పాను.