బ్రోకెన్‌హర్స్ట్ చర్చి ఆవరణలో సుఖా సమాధి: పక్కన కొత్త పలక పెట్టించాలా?

అడవిపక్క:
పోయిన ఆదివారం పిల్లల్ని తీసుకుని ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్‌లోని న్యూ ఫారెస్ట్ అనే అడవి ప్రాంతంలో ఉన్న బ్రోకెన్‌హర్స్ట్ ఊరికి వెళ్ళాం. అక్కడ మిట్ట మీద సెయింట్ నికోలస్ చర్చి ఉంది. ఆవరణలో వెయ్యేళ్ళు దాటిన యూ చెట్టు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన 93 మంది న్యూజిలాండ్ వాళ్ళ సమాధులూ అక్కడే. ఆ ఊళ్ళో వాళ్ళ ఆసుపత్రి నడిచింది. దానికి ముందు గాయపడ్డ మన సైనికుల కోసం లేడీ హార్డింజ్ ఆసుపత్రి ఉండేది.

ఆ ఆసుపత్రిలో పాకీ పని చేసిన సుఖా సమాధి కూడా అక్కడే ఉంది. బరేలీ మనిషి. 1915 జనవరి 12న పోయాడు, 30 ఏళ్ళు. అంటరానివాడని హిందువులు దహనానికి ఒప్పుకోలేదని, ముస్లిం కాడని వోకింగ్ ఊళ్ళోని ముస్లింల శ్మశానంలో చోటివ్వలేదని, చివరికి ఈ చర్చి ఫాదర్ గారు తన సమాధుల దొడ్డిలో పెట్టనిచ్చారని చెబుతారు. రాయి నిలబెట్టింది ఊరివాళ్ళే. దాని మీద ఊరు, వయసు, చేసిన సేవ అన్నీ ఉన్నాయి. ఎందుకు ఇక్కడ పడుకోవాల్సి వచ్చిందో మాత్రం లేదు. మనవాళ్ళం కలిసి అర్జీ పెట్టి ఆ సంగతి ఒక చిన్న పలక మీద రాయిద్దామా?

పాతరాళ్ళు:
వద్దండి. ఆ రాయే వారసత్వం. ఆనాటి పల్లెటూరివాళ్ళు ఒక పరాయి మనిషి గురించి ఏం మాటలు ఏరుకున్నారో అదే మనకు సాక్ష్యం. యుద్ధంలో చనిపోయినవాళ్ళ శవాల్ని ఇంటికి తేకూడదని బ్రిటన్ నిర్ణయించింది. అందుకే ఇంగ్లండ్‌లో ఊరూరా పేర్లు చెక్కిన శిలువలు లేచాయి. వాటి మీద ఉండేది సొంత ఊరి పిల్లల పేర్లు. ఇక్కడ బంధువనేవాడే లేని మనిషికి ఊరు రాయి వేయించింది. పక్కన మన పలక పెడితే చూసేవాళ్ళు పలకే చదువుతారు. పైగా చర్చి ఆవరణలో ఏది పెట్టాలన్నా ఫాకల్టీ అనే అనుమతి తీసుకోవాలి, ఊరికే ఇవ్వరు.

నల్లరేగడి:
రాయి మీద ఏముందో పూర్తిగా చెప్పండి మరి. "హంబుల్ సర్వెంట్" అని ఉంది. దీన సేవకుడట! పక్కనున్న న్యూజిలాండ్ వాళ్ళలో ఒక్కరినైనా అలా అన్నారా?

పాతరాళ్ళు:
ఆ కాలంలో హంబుల్ అంటే వినయం గలవాడని. తిట్టు కాదు.

కొత్తపేట:
ఫోటో పెట్టండి ముందు.

నల్లరేగడి:
వినయం ఎవరికి కావాలండీ? చాకిరీ చేయించుకునేవాళ్ళకి.

పాతరాళ్ళు:
వాక్యం మొత్తం చదవండి. దేశాన్ని, ఇంటిని, స్నేహితుల్ని వదిలి వచ్చాడని రాశారు. మతం రీత్యా క్రైస్తవుడు కాకపోయినా ఇతరుల మేలు కోసం ప్రాణం అర్పించాడని రాశారు. ఒక్క మాట పట్టుకుని లాగితే ఎలా?

గుంటూరు_వాణి:
కింద ఎఫెసీయులకు 4:6 వచనం కూడా ఉంది. మన బైబిల్లో "అందరికి తండ్రియైన దేవుడు ఒక్కడే" అని మొదలవుతుంది. అది చదివాక నాకు పలక అక్కర్లేదనిపిస్తుంది.

నల్లరేగడి:
వాణి గారూ, మా తాతని తీసుకెళ్ళిన రోజు నాకు తొమ్మిదేళ్ళు. పెద్ద వీధిలోంచి పాడె పోనివ్వలేదు. కాలవలో దిగి నడిచారు, నడుముల దాకా నీళ్ళు. మా నాన్న పాడెని తల మీదికెత్తి పట్టుకున్నాడు. గట్టు మీదున్నవాళ్ళు చూస్తూ నిలబడ్డారు గానీ ఒక్కడూ చెయ్యి వేయలేదు. ఆ కాలవకి ఇప్పటికీ రాయి లేదు. సుఖాకి ఉంది. ఉన్న ఆ ఒక్కచోట కూడా అసలు సంగతి రాయకపోతే ఇంకెక్కడ రాస్తాం?

గుంటూరు_వాణి:
మన్నించండి అన్నా. చర్చిలో చేరినా మావాళ్ళకి సమాధుల దొడ్డిలో వేరే వరస ఉండేది. నేను మంచి వచనం చెప్పి తప్పించుకున్నాను.

పాతరాళ్ళు:
మీ బాధ కాదనను. కానీ దానికీ దీనికీ ముడిపెట్టకండి. ఎవరు కాదన్నారో రాయి మీద లేదు. చెప్పుకునే మాటని పలక మీద చెక్కేస్తే చరిత్ర అయిపోతుందా?

నల్లరేగడి:
మీకు కాగితం కావాలా, మేం నోరు మూసుకోవడం కావాలా? తేల్చి చెప్పండి.

పాతరాళ్ళు:
సరే, తేల్చే చెబుతాను. మా అమ్మాయి ఇక్కడ స్కూల్లో చదువుతోంది. క్లాసులో "మీది ఏ కులం?" అని అడిగారు. ఇంటికొచ్చి నన్ను అడిగింది, నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంగ్లీషు వాళ్ళ గుడి ముంగిట మనమే మన కులం గొడవ చెక్కించుకుంటే, వచ్చిన ప్రతివాడూ అది చదివి నా కూతురి వంక చూస్తాడు. నా భయం అది.

నల్లరేగడి:
ఈ మాట మొదటే అనాల్సింది. ఫాకల్టీ అంటూ తిప్పారు. మీ అమ్మాయిని అడిగినవాళ్ళు తెలియక అడిగారు. మా నాన్నని ఎవరూ అడగక్కర్లేదు, ముందే తెలుసు. మీరు దాచాలంటున్నది చేసినవాళ్ళ సిగ్గు. దాని బరువు మాత్రం మా మీద ఉంది.

పాతరాళ్ళు:
దాచమనడం లేదు. ఆ రాయి పక్కన వద్దంటున్నాను.

నల్లరేగడి:
దాచడమే.

అడవిపక్క:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. ఏప్రిల్ 25కి దగ్గరి ఆదివారం అక్కడ ఏటా ఆంజాక్ ప్రార్థన జరుగుతుంది, యుద్ధంలో పోయిన ఆ న్యూజిలాండ్ వాళ్ళ జ్ఞాపకార్థం. ఈసారి నేను వెళ్ళి సుఖా దగ్గర పూలు పెడతాను. పలక సంగతి చర్చివాళ్ళని అడుగుతాను, అడగడంలో తప్పేం లేదు. నల్లరేగడి గారూ, మీరు వస్తారా? స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు.

నల్లరేగడి:
వస్తాను. మా నాన్నని కూడా తీసుకొస్తాను.

పాతరాళ్ళు:
పలకకి నేను ఇంకా వ్యతిరేకమే. ఏ ఆదివారమో చెప్పండి.