ఒకే సంఖ్య మళ్లీ మళ్లీ ఎదురైతే ‘కాకతాళీయం’ అనొచ్చా?

ప్రశ్న (బెంగళూరు, మారతహళ్లి నుంచి):
అందరికీ నమస్కారమండీ. నేను ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మొన్న పొద్దున బ్యాంకులో నాకు టోకెన్ 27 వచ్చింది. మధ్యాహ్నం దర్శినిలో దోసె టోకెనూ 27. సాయంత్రం లెడ్జర్‌కీ బ్యాంక్ స్టేట్‌మెంట్‌కీ తేడా చూస్తే 270 రూపాయలు! “భలే కాకతాళీయంగా ఉందే” అన్నాను. పక్క సీట్లో కడప ఆయన ఒకరున్నారు, తెలుగు బాగా చదువుకున్న మనిషి. “కాకి ఒకటి, పండు ఒకటి. మూడింటికి ఆ మాట కుదరదు” అన్నారు. నిజమేనా? సంఖ్యలు ఇలా కలిసిరావడానికి మనకు వేరే మాట ఏమైనా ఉందా?

జవాబు:
యాదృచ్ఛికం అనేయండి మేడమ్, గొడవ వదిలిపోతుంది.

జవాబు (జేపీ నగర్ నుంచి):
యాదృచ్ఛికం అంటే తప్పేమీ లేదు, కానీ అందులో బొమ్మ కనబడదు. కాకం అంటే కాకి, తాళం అంటే తాడి. కాకతాళీయంలో చెట్టూ కాకీ పండూ కనబడతాయి. ఆ మాటను అంత తేలిగ్గా వదలబుద్ధి కాదు.

కడప ఆయనతో నేను పూర్తిగా ఏకీభవించను. ఇందులో ముఖ్యం ఎన్ని జరిగాయన్నది కాదు, వాటి మధ్య కార్యకారణ సంబంధం లేకపోవడం. పాణిని ‘సమాసాచ్చ తద్విషయాత్’ (5.3.106) సూత్రం దగ్గర వ్యాఖ్యాతలు ఈ మాటను ఉదాహరణగా ఇస్తారు. కాకి రావడమూ తాటిపండు పడడమూ ఒక్కసారే జరిగాయి. పండు ముగ్గి ఉంది కాబట్టి పడింది. కాకి రాకపోయినా పడేదే. ఇంకో వివరణలో ఆ పండు సరిగ్గా కాకి నెత్తినే పడుతుంది, కాకి చస్తుంది. దారిన పోయేవాడికి దొంగలు తగలడం లాంటి వాటికీ ఈ మాట సరిపోతుందన్నమాట. ఇప్పటి పేపర్ల తెలుగులో ఆ చావు సంగతి ఎగిరిపోయి వింత ఒక్కటే మిగిలింది. అదే సూత్రం దగ్గర అజాకృపాణీయం అని ఇంకోటి ఉంది, మేకా కత్తీ కథ. దాన్ని ఎవరూ వాడరు పాపం.

కాబట్టి రెండు టోకెన్లూ 27 కావడం నిక్షేపంగా కాకతాళీయమే. అయితే అది ఎంత వింత అన్నది వేరే ప్రశ్న. మనం అనుకున్నంత కాదు. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నప్పుడు చుట్టూ ఉన్న బళ్ల నంబర్లలో చివరి రెండంకెలు చూడండి. 00 నుంచి 99 దాకా వంద రకాలు ఉండొచ్చు. అన్నీ సమానంగా వస్తాయనుకుంటే, పదమూడు బళ్లు చూసేసరికి వాటిలో ఏవో రెండింటికి ఆ అంకెలు ఒకటే కావడానికి సగానికి మించి అవకాశం ఉంది. పుట్టినరోజుల లెక్కా ఇదే. గదిలో 23 మంది ఉంటే చాలు, ఏ ఇద్దరిదో ఒకే తేదీ కావడానికి సగం కన్నా కాస్త ఎక్కువ అవకాశం. నా పుట్టినరోజుతో ఇంకొకరిది కలవడం అరుదు. ఎవరిదో ఒకరిది ఇంకెవరిదో ఒకరితో కలవడం మామూలు. మనం రెండోది చూసి మొదటి దానంత ఆశ్చర్యపోతాం.

ఇక ఇప్పటినుంచి మీకు 27 ఎక్కడపడితే అక్కడ కనబడుతుంది చూడండి. నక్షత్రాలు 27 అని ఒకరంటారు. ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అని ఇంకొకరు అందుకుంటారు. మూడు మూళ్ల తొమ్మిది, తొమ్మిది మూళ్ల ఇరవై ఏడు అని మూడోవారు. అది కాకతాళీయం కాదు, దానికి ఘుణాక్షర న్యాయం సరిగ్గా సరిపోతుంది. పురుగు తన తిండి కోసం కర్రను తొలుస్తూ పోతుంది. ఆ గీత ఒకచోట అక్షరంలా ఉంటుంది. పురుగుకి చదువు రాదు, చదివింది మనం. 27 బదులు 18 వచ్చినా భారతంలో పర్వాలనేవాళ్లం, 14 వస్తే లోకాలనేవాళ్లం, 24 వస్తే గాయత్రికి అక్షరాలు అనేవాళ్లం. ఏ సంఖ్యా మన దగ్గర ఖాళీ చేతులతో తిరిగి వెళ్లదు.

270 మాత్రం ముందు లెడ్జర్‌లో చూడండి, తర్వాత నిఘంటువులో. తేడా 9తో భాగించబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమోనని పాత అకౌంటెంట్లు వెతుకుతారు. 8,145 బదులు 8,415 కొడితే తేడా 270. పదుల స్థానంలో ‘అ’, ఒకట్ల స్థానంలో ‘ఆ’ ఉండి అవి తిరగబడితే తేడా ఎప్పుడూ 9 × (అ – ఆ) అవుతుంది. అదే తారుమారు వందలకీ పదులకీ మధ్య జరిగితే దానికో సున్నా చేరుతుంది. అదే అయితే మీ తేడాకి కారణం ఉన్నట్టు, ఆ మూడోది కాకతాళీయం కానట్టు. కానీ ఇది ఆచూకీ మాత్రమే, సాక్ష్యం కాదు.

జవాబు (బసవనగుడి నుంచి):
నేను ఇక్కడే పుట్టి పెరిగాను, కన్నడం మీడియం. కన్నడ పేపర్లలోనూ కాకతాళీయ అనే రాస్తారు. కానీ ఇంటి పక్కవాళ్ల సామెతలో పండు లేదు. కాగె కూరోదక్కూ కొంబె మురియోదక్కూ సరిహోయ్తు అంటారు. కాకి కూర్చోవడానికీ కొమ్మ విరగడానికీ సరిపోయింది అని.

జవాబు (చెన్నై, మైలాపూర్ నుంచి):
తమిళంలో మళ్లీ పండే. కాక్కై ఉట్కార పనంపళం విళుందదు అంటారు.

జవాబు (జేపీ నగర్ నుంచి):
కన్నడ కొమ్మ నాకు భలే నచ్చింది. కొమ్మ విరిగిందంటే కాకి బరువుకే విరిగిందేమో అన్న అనుమానం కొంచెమైనా వస్తుంది. నింద కాకి మీదికి వస్తుంది. తాటిపండు విషయంలో ఆ అనుమానానికి చోటు తక్కువ. ఆఫీసుల్లో జరిగేది ఎక్కువగా కన్నడ కథే: సిస్టమ్ పడిపోయిన క్షణంలో ఎవరు లాగిన్ అయి ఉంటే వాళ్లే కాకి!

జవాబు (మైలాపూర్ నుంచి):
ఒక సందేహం. మా తెలుగు సంఘం చందాల పుస్తకంలో 116, 516, 1,116 తప్ప ఇంకోటి కనబడదు. లెక్కలు చూసే తమిళాయన “ఇదేం సార్, అందరిదీ పదహారుతోనే ముగుస్తుంది?” అని నిజంగానే అనుమానపడ్డారు. ఆయనకి తెలిసింది 101, 501. దీన్నేమంటారు?

జవాబు (జేపీ నగర్ నుంచి):
దీన్ని ఆచారం అంటారు. నూట పదహార్లు ఇవ్వడం తెలుగువాళ్ల అలవాటు అని ఆయనకి చెప్పండి, అనుమానం తీరుతుంది. బయటివాడికి కాకతాళీయంగా కనబడేది లోపలివాడికి మామూలు. బిల్లుల కుప్పలో 1తో మొదలయ్యేవి ఎక్కువ ఉండడమూ అలాంటిదే. చిన్నవీ పెద్దవీ కలగలిసిన మొత్తాలైతే మొదటి అంకె 1 కావడం దాదాపు 30 శాతం, 9 కావడం 5 శాతం లోపు. 1881లో సైమన్ న్యూకంబ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు లాగరిథం పట్టికల పుస్తకాల్లో మొదటి పేజీలే, అంటే 1తో మొదలయ్యే సంఖ్యల పేజీలే, ఎక్కువ నలిగి ఉండడం గమనించి దీన్ని రాశాడు. పేరు మాత్రం 1938లో మళ్లీ రాసిన భౌతిక శాస్త్రజ్ఞుడు బెన్‌ఫోర్డ్‌కి దక్కింది.

ఇంకోటి. మారతహళ్లి మేడమ్ ప్రశ్నలో “సంఖ్యలు కలిసిరావడం” అన్నారు, గమనించారా? విడిగా చూస్తే కలిసి రావడం అంటే ఒకేసారి రావడమే. కానీ మన నోట అది ఎప్పుడో అదృష్టం వైపు జారిపోయింది. ఆ ఇల్లు కలిసొచ్చింది, ఆ నంబరు నాకు కలిసొస్తుంది అంటాం. ఫ్యాన్సీ నంబరు కోసం ఆర్టీఓ వేలాల్లో పాడేది ఈ జారుడు మీదే. అందుకే లెక్కల గురించి మాట్లాడేటప్పుడు నేనైతే ‘కలవడం’ దగ్గరే ఆగిపోతాను.

మారతహళ్లి నుంచి:
270 సంగతి తేలిందండీ. అంకెలేమీ తారుమారు కాలేదు. ఎవరో క్యాబ్ బిల్లు ఒకటి ఎక్కించలేదు, అది సరిగ్గా 270.

జవాబు (జేపీ నగర్ నుంచి):
అయితే మూడోది కూడా కాకతాళీయమే, మీ మాటే నిలిచింది. ఏ తేడా అయినా 9తో భాగించబడడానికి తొమ్మిదింట ఒక వంతు అవకాశం ఎలాగూ ఉంటుంది. కడప ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.

జవాబు:
ఇంతకీ కాకతాలీయమా, కాకతాళీయమా?

జవాబు (జేపీ నగర్ నుంచి):
సంస్కృతంలో ల. తెలుగులో తాళపత్రం అన్నట్టే ఇక్కడా ళ స్థిరపడింది, అదే రాయండి. “కాకతీయంగా కలిశాం” అని మాత్రం రాయకండి, ఆ మాట ఓరుగల్లు వాళ్లది.