విశాఖ నుంచి డల్లాస్‌కు: అబ్బాయి ఇంటర్ ఇక్కడే పూర్తి చేయించాలా?

సీతమ్మధార (ప్రస్తుతం విశాఖలోనే):
అందరికీ నమస్కారం. మావారు హెచ్-1బి ఉద్యోగ వీసా మీద డల్లాస్‌లో చేరి ఆరు నెలలైంది. బాబు ఇంటర్ మొదటి సంవత్సరం ఎం.పి.సి. పరీక్షలు రాశాడు. రెండో సంవత్సరం కూడా ఇక్కడే చదివించి బయలుదేరాలా, జూన్‌లోనే వచ్చేయాలా? వస్తే ఏ ధ్రువపత్రాలు తెచ్చుకోవాలి?

గాజువాక (డల్లాస్, 19 ఏళ్లుగా):
అమ్మా, ధ్రువపత్రాల సంగతి తరవాత. ముందు అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉందో మీవారిని అడగండి. నవ్వకండి, మాకు జరిగింది చెబుతాను.

మేము వచ్చిన కొత్తలో ఇంటి యజమాని మన వైపు మనిషే. "మనలో మనకు కాగితాలెందుకండీ" అన్నాడు. మేమూ మురిసిపోయాము. నెలనెలా అద్దె నగదుగా ఇచ్చాము. కరెంటు, నీళ్ల బిల్లులు ఆయన పేరునే వచ్చేవి. నన్ను తెచ్చిన కంపెనీ న్యూజెర్సీది కాబట్టి జీతం చీటీ మీద ఆ చిరునామాయే ఉండేది. పెద్దమ్మాయికి ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే పండగ చేసుకున్నాము. తీరా బిల్లు చూస్తే బయటి రాష్ట్రం వారి ఫీజు, దాదాపు మూడు రెట్లు! కార్యాలయానికి పరుగెత్తితే, పన్నెండు నెలలుగా టెక్సాస్‌లోనే ఉన్నారనడానికి రుజువు తెమ్మన్నారు. ఒక్క ఉత్తరం రాసివ్వమని యజమాని కాళ్లావేళ్లా పడ్డాను. ఇవ్వడే! ఆయన అద్దె ఆదాయాన్ని పన్ను లెక్కల్లో చూపించనే లేదని తరవాత తెలిసింది. నాలుగుసార్లు తిరిగి, కంపెనీ నుంచి ఉత్తరం తెప్పించాక రెండో సెమిస్టరు నుంచి ఫీజు తగ్గించారు. మొదటి సెమిస్టరు డబ్బు పోయినట్టే.

నియమం గుర్తుపెట్టుకోండి. కళాశాల ఆ సెమిస్టరులో విద్యార్థుల లెక్క తీసే తేదీకి తల్లి గానీ తండ్రి గానీ పన్నెండు నెలలుగా ఇక్కడ స్థిరంగా ఉండాలి. హెచ్-4, అంటే హెచ్-1బి వారి భార్యాపిల్లలకిచ్చే వీసా, దానికి అడ్డు కాదు.

మద్దిలపాలెం (హ్యూస్టన్):
గాజువాక గారి కథ ఏటా వింటున్నాము, ఏటా ఆ బిల్లు పెరుగుతూనే ఉంది. ఆ నియమం మాత్రం నిజం.

ఇంకొకటి. 2011 నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వ సహాయం అందుకునే ప్రతి కళాశాలా మీకు నిజంగా ఎంత ఖర్చవుతుందో అంచనా వేసే లెక్కయంత్రాన్ని తన వెబ్‌సైట్లో పెట్టాలన్నది చట్టం. అందులో వచ్చిన అంకె చూసి పొంగిపోకండి. అది కేంద్ర ప్రభుత్వ సహాయాన్ని కూడా కలిపేస్తుంది. హెచ్-4 పిల్లలకు ఆ సహాయం రాదు. క్యాంపస్‌లో చిన్న ఉద్యోగం చేయడానికీ వీల్లేదు. ఆ వరుసలు కొట్టేసి చూడండి. నన్నడిగితే రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల చదువుండే స్థానిక ప్రభుత్వ కళాశాలలో, వేయండి. అక్కడి 42 క్రెడిట్ల మూల పాఠ్యక్రమం పూర్తి చేస్తే టెక్సాస్‌లోని ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయమైనా దాన్ని ఒప్పుకోవలసిందే.

పెదవాల్తేరు (ఆస్టిన్):
క్రెడిట్లు బదిలీ అవుతాయి, సీటు కాదు. ఇంజినీరింగ్ విభాగాలు మళ్లీ విడిగా వడపోస్తాయి. ఆ మాట చెప్పకుండా సలహా ఇవ్వడం అన్యాయం.

మద్దిలపాలెం:
మా అబ్బాయి అలాగే వెళ్లాడు. ఇప్పుడు సివిల్ ఇంజినీరు.

పెదవాల్తేరు:
సివిల్ కాబట్టి వెళ్లాడు. కంప్యూటర్ సైన్సుకు ప్రయత్నిస్తే తెలిసేది. "తరగతిలో పైన పది శాతంలో ఉంటే చాలు, 1997 చట్టం ఉంది" అనేవాళ్లనూ నమ్మకండి. ఆ చట్టం విశ్వవిద్యాలయంలోకి రానిస్తుంది, కోరిన విభాగంలోకి కాదు. పైగా మా ఆస్టిన్ విశ్వవిద్యాలయంలో ఆ పది శాతం ఎప్పుడో తగ్గిపోయింది.

భీమిలి (తిరిగి విశాఖ వచ్చేశాను):
ఆవిడ అడిగింది ధ్రువపత్రాల గురించి! పదో తరగతి, ఇంటర్ మెమోలు అందరూ తెస్తారు. తొమ్మిదో తరగతి మార్కులు మరిచిపోతారు. అక్కడి హైస్కూలు తొమ్మిదితోనే మొదలు. బడి కాగితం మీద ముద్ర వేయించి తెచ్చుకోండి. వేసవి సెలవుల్లో మన బళ్లలో గుమాస్తా దొరకడం కష్టం, ఈ వారమే వెళ్లండి. టీకాల పుస్తకం కూడా కావాలి.

జూన్‌లో వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. ఇంకో ఏడాది ఇక్కడ రుద్దించి ఏం లాభం? పదకొండో తరగతిలో వేయమని అడగండి. అమెరికా చరిత్ర, ప్రభుత్వం అనే పాఠాలు అక్కడ తప్పనిసరి, వాటికీ సమయం దొరుకుతుంది. ఏడాది పోయిందని బంధువులు అంటారు, అననీయండి. ఒక్కటి మాత్రం చూసుకోండి: 21 నిండితే హెచ్-4 చెల్లదు, విద్యార్థి వీసాకు మారాలి. బాబు పుట్టిన తేదీతో లెక్క వేసుకోండి.

సీతమ్మధార:
అందరికీ ధన్యవాదాలు. తొమ్మిదో తరగతి మార్కుల కోసం రేపే బడికి వెళ్తున్నాను. ఇప్పుడే మావారితో మాట్లాడాను. ఒప్పందం స్నేహితుడి పేరున ఉందట, ఈయన ఒక గదిలో ఉంటున్నారట. "ఏం ఫరవాలేదు" అంటున్నారు.

గాజువాక:
అమ్మా, ఆ ఇంటి యజమాని మన వైపు మనిషేనా?