బడివారీ పదో తరగతి ఫలితాలు ఎవరిని అడగాలి?

మా మండలంలోని (ఆంధ్రప్రదేశ్) జెడ్పీ హైస్కూళ్లను పోల్చి చూస్తున్నాను. పిల్లల సంఖ్య యూడైస్ ప్లస్ (కేంద్ర విద్యాశాఖ నడిపే బడుల వివరాల డేటాబేస్) రిపోర్టు కార్డుల్లో, 11 అంకెల స్కూల్ కోడ్‌తో దొరికింది. 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులు కొన్ని హైస్కూళ్లలో కలిశాయి కదా, మొత్తం అంకె చూస్తే ఆ బళ్లు ఉన్నట్టుండి పెరిగినట్టు కనిపిస్తాయి. అందుకే 6 నుంచి 10 వరకే లెక్కేశాను.

చిక్కంతా ఉత్తీర్ణత దగ్గరే. కొవిడ్ వల్ల 2020, 2021లో పరీక్షలే లేవు కాబట్టి 2022, 23, 24 చాలు. ఆన్‌లైన్‌లో హాల్‌టికెట్ నంబరు కొడితే ఒక్కో విద్యార్థి ఫలితమే వస్తోంది. పత్రికల్లో జిల్లా శాతాలే. ఉత్త శాతం నాకు పనికిరాదు: పది మందే రాసే బడిలో ఒక్కరు తప్పినా 90కి పడిపోతుంది. ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు అన్నది కావాలి. హెడ్మాస్టర్లను అడిగితే పాత కాగితాలు కొందరి దగ్గరే ఉన్నాయి.

ఈ మూడేళ్ల బడివారీ లెక్కల కోసం సమాచార హక్కు దరఖాస్తు డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకు పెట్టాలా, ప్రభుత్వ పరీక్షల విభాగానికా?